చలి పొద్దున బండి ఎందుకు మొరాయిస్తుంది?

కడప జిల్లా అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఎండ. మే నెలలో ప్రొద్దుటూరు వీధుల్లో మధ్యాహ్నం పూట ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. అటువంటి ఊళ్లో "చలికి బండి స్టార్టు కావడం లేదు" అంటే వినేవాళ్లకు నవ్వు రావచ్చు. కాని డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున ఒకసారి వీధిలోకి వచ్చి వినండి. ప్రొద్దుటూరులో పాల క్యాన్లు తగిలించుకున్న పాత మోటారు సైకిలు, జమ్మలమడుగులో నాపరాళ్ల గనికి బయలుదేరిన బండి, పులివెందులలో అరటి తోటకో చీనీ తోటకో నీళ్లు కట్టడానికి పోయే రైతు బండి - అన్నిచోట్లా ఒకటే చప్పుడు. కిక్కు మీద కిక్కు. పది కిక్కులు, పదిహేను కిక్కులు. చివరికి నల్లటి పొగ చిమ్మి ఇంజను అందుకుంటుంది.

అదే బండి మధ్యాహ్నం ఒక్క కిక్కుకే స్టార్టవుతుంది. పెట్రోలు అదే, బండి అదే, తన్నే కాలూ అదే. మారింది ఉష్ణోగ్రత ఒక్కటే. మన శీతకాలపు తెల్లవారుజామున ఉష్ణోగ్రత 20 డిగ్రీల లోపుకు దిగుతుంది. మంచు కురిసే దేశాలతో పోలిస్తే ఇదేమంత చలి కాదు. మరి ఈ కాస్త చల్లదనానికే ఇంజను ఎందుకు మొరాయిస్తుంది? దీనికి జవాబు మీ భౌతికశాస్త్ర పుస్తకంలోనే ఉంది. ఆ పాఠాన్ని మోటారు సైకిలు దగ్గరికి తీసుకుపోదాం.

మండేది పెట్రోలు కాదు, దాని ఆవిరి

"పెట్రోలు మండుతుంది" అని మనం అంటూ ఉంటాం. నిజానికి ద్రవరూపంలో ఉన్న పెట్రోలు మండదు. దాని పైన లేచే ఆవిరి గాలిలోని ఆక్సిజనుతో కలిసి మండుతుంది. ఆ కలయిక కూడా ఎలా పడితే అలా ఉంటే కుదరదు. గాలిలో పెట్రోలు ఆవిరి, ఘనపరిమాణం లెక్కన, సుమారు 1.4 శాతం కంటె తక్కువ ఉంటే నిప్పు అంటుకోదు. సుమారు 7.6 శాతం కంటె ఎక్కువ ఉన్నా అంటుకోదు. ఈ రెంటి మధ్యా ఉంటేనే మంట పుడుతుంది.

బరువు లెక్కన చూస్తే, ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 15 గ్రాముల గాలి కావాలి. గాలి ఇంతకంటె తక్కువగా ఉంటే అది చిక్కని మిశ్రమం, ఎక్కువగా ఉంటే పలచని మిశ్రమం. పాలలో నీళ్లు కలిపినట్టే అనుకోండి.

ఇక పెట్రోలు సంగతి. అది నీటిలాగా ఒకే పదార్థం కాదు. హైడ్రోకార్బనులు అనబడే ఎన్నో పదార్థాల మిశ్రమం. అందులో ఉండే పెంటేన్ 36 డిగ్రీల వద్ద మరుగుతుంది, హెక్సేన్ 69 డిగ్రీల వద్ద, హెప్టేన్ 98 వద్ద, ఆక్టేన్ 126 వద్ద. 200 డిగ్రీల దగ్గర మరిగే బరువైన పదార్థాలు కూడా ఉంటాయి. చల్లటి పొద్దున ఇంజనులో త్వరగా ఆవిరయ్యేవి ఈ గుంపులో తేలికైనవి మాత్రమే. బరువైనవి తుంపరలుగానే ఉండిపోతాయి.

ఇక్కడ మీకొక సందేహం రావాలి. మూత తీసిన పెట్రోలు డబ్బా దగ్గర అగ్గిపుల్ల గీస్తే ఎంత చలిలోనైనా భగ్గుమంటుందని అంటారు కదా? నిజమే. సున్నాకు 40 డిగ్రీలు దిగువన కూడా పెట్రోలు మీద అంటుకోగలిగినంత ఆవిరి ఉంటుంది. మరి 17 డిగ్రీల పొద్దున ఇంజనుకు వచ్చిన కష్టమేమిటి? కష్టమంతా వ్యవధిలో ఉంది. డబ్బాలోని పెట్రోలుకు ఆవిరి కావడానికి కావలసినంత సేపు ఉంది. ఇంజనులో అంత తీరిక లేదు. మీరు కిక్కు కొట్టినప్పుడు ఇంజను నిమిషానికి 300 చుట్లు తిరిగే వేగం అందుకుందనుకోండి. అంటే సెకనుకు 5 చుట్లు. పిస్టను గాలిని లోపలికి పీల్చేది అర చుట్టులో. ఆ అర చుట్టుకు పట్టే కాలం సెకనులో పదోవంతు! అంత తక్కువ సమయంలో తుంపర ఆవిరి కావాలి.

ఆ వేడి ఎక్కడినుంచి వస్తుంది?

వేసవిలో మట్టి కుండలో నీళ్లు చల్లగా ఎందుకు ఉంటాయో మీకు తెలుసు. కుండ గోడలోని సన్నని రంధ్రాల గుండా ఊరిన నీరు ఆవిరవుతుంది. ఆవిరి కావడానికి వేడి కావాలి. ఆ వేడిని అది కుండలో ఉన్న నీటినుంచే తీసుకుంటుంది. దీనినే బాష్పీభవన గుప్తోష్ణం అంటారు. మన ప్రాంతంలో ఎండాకాలమంతా కాపాడే ఈ సూత్రమే చలికాలం పొద్దున బండికి అడ్డం తిరుగుతుంది.

ఒక చిన్న లెక్క చేద్దాం. ఒక గ్రాము పెట్రోలు ఆవిరి కావడానికి సుమారు 80 కెలోరీల వేడి కావాలి. దానితో కలిసే గాలి 15 గ్రాములు. ఒక గ్రాము గాలిని ఒక డిగ్రీ చల్లబరిస్తే 0.24 కెలోరీ వేడి బయటికి వస్తుంది. 15 గ్రాముల గాలి ఒక డిగ్రీ చల్లబడితే 15 × 0.24 = 3.6 కెలోరీలు. కనుక 80 కెలోరీలు రావాలంటే గాలి 80 ÷ 3.6, అంటే సుమారు 22 డిగ్రీలు చల్లబడాలి!

ఇంజను వేడిగా ఉన్నప్పుడు ఈ వేడిని దాని గోడలు ఇస్తాయి. పొద్దున ఇంజను గోడలు చల్లగా ఉంటాయి. గాలి 17 డిగ్రీల దగ్గర మొదలైతే, పెట్రోలంతా ఆవిరయ్యేసరికి అది సున్నాకు దిగువకు పోవాలి. కాని గాలి చల్లబడే కొద్దీ ఆవిరి కావడం మందగిస్తుంది. కాబట్టి పెట్రోలంతా ఆవిరి కాదు. కొంత తుంపరగానే మిగిలి, చల్లని లోహపు గోడలకు తగిలి చెమ్మలా పట్టుకుంటుంది. స్పార్కు ప్లగ్గు దగ్గరికి చేరే గాలిలో ఆవిరి చాలినంత ఉండదు. ప్లగ్గు నిప్పు రవ్వ విసురుతుంది, అంటుకునేదేమీ ఉండదు.

మరొక సంగతి. మన శీతకాలపు రాత్రుల్లో ఆకాశం నిర్మలంగా ఉంటుంది, గాలిలో తేమ తక్కువ. అటువంటి రాత్రి నేల, రాళ్లు, లోహపు వస్తువులు తమ వేడిని వికిరణం ద్వారా ఆకాశంలోకి పోగొట్టుకుంటాయి. ఆరుబయట నిలిపిన బండి చుట్టూ ఉన్న గాలికంటె కూడా కొంచెం ఎక్కువ చల్లబడుతుంది. పొద్దున సీటు మీద కనిపించే మంచు బిందువులు అందుకు సాక్ష్యం. అదే బండిని రేకుల కింద, పందిరి కింద నిలిపితే ఈ నష్టం తగ్గుతుంది. కప్పు ఉన్నచోట బండి సులభంగా స్టార్టు కావడానికి కారణం ఇదే.

ఇరుకు దారిలో గాలి

గాలినీ పెట్రోలునూ కలిపే యంత్రభాగం కార్బ్యురేటరు. 1885లో జర్మనీలో డైమ్లర్, మేబాఖ్ పెట్రోలుతో నడిచే తొలి రెండు చక్రాల బండి చేసినప్పుడు గాలిని పెట్రోలు ఉపరితలం మీదుగా పంపి ఆవిరిని పట్టుకునేవారు. ఇది నమ్మదగిన పద్ధతి కాదు. 1893లో మేబాఖ్ పెట్రోలును తుంపరగా చిమ్మే కార్బ్యురేటరు చేశాడు. అదే ఏడాది హంగరీలో బాంకి, చోంకా అనే ఇద్దరు ఇంజనీర్లు కూడా ఇటువంటి దానికే పేటెంటు తీసుకున్నారు.

కర్నూలు-కడప కాలువలో నీరు వెడల్పు చోట నిదానంగా, వంతెన కింద ఇరుకు చోట వేగంగా పారడం మీరు చూసి ఉంటారు. గొట్టంలో గాలి కూడా అంతే. ఇరుకు చోట గాలి వేగం పెరుగుతుంది. వేగం పెరిగిన చోట పీడనం తగ్గుతుంది. 1738లో అచ్చయిన తన గ్రంథంలో డేనియల్ బెర్నూలీ చెప్పిన సూత్రమిది. ఇటలీ శాస్త్రజ్ఞుడు వెంచురీ పేరు మీదుగా అటువంటి ఇరుకు గొట్టాన్ని వెంచురీ అంటారు.

కార్బ్యురేటరు కింది గిన్నెలో కొద్దిగా పెట్రోలు నిలువ ఉంటుంది. దాని మీద వాతావరణ పీడనం పనిచేస్తుంది. గిన్నెనుంచి జెట్ అనే సన్నని రంధ్రం వెంచురీలోకి తెరుచుకుంటుంది. అక్కడ పీడనం తక్కువ. కాబట్టి కింది పెట్రోలు పైకి ఎగసి గాలిలో తుంపరగా కలుస్తుంది. గిన్నెలో ఒక తేలిక బుడ్డి తేలుతూ ఉంటుంది. పెట్రోలు నిండగానే అది లేచి దారి మూసేస్తుంది. మీ ఇంటి మీది నీళ్ల ట్యాంకులో ఉండే బంతి కుళాయి చేసేదీ ఈ పనే.

కిక్కు కొట్టేటప్పుడు ఇంజను చాలా నెమ్మదిగా తిరుగుతుంది. గాలి వేగం తక్కువ, కనుక పీడనంలో తేడా కూడా తక్కువ. పెట్రోలు సరిగా ఎగయదు, ఎగసినది సన్నని తుంపర కాకుండా లావు చుక్కలుగా వస్తుంది. లావు చుక్క ఆవిరి కావడం ఇంకా కష్టం. అంటే చలి పొద్దున ఇంజనుకు కష్టాలు ఒకదానిమీద ఒకటి వచ్చి పడుతున్నాయన్నమాట.

చోకు చేసే పని

చోకు ఇంజనును వేడి చేస్తుందని కొందరి నమ్మకం. అది వేడి చేయదు. పెట్రోలును ఆవిరిగా మార్చడం చలిలో ఎలాగూ కష్టమే కనుక, "నాలుగోవంతే ఆవిరవుతుందా? అయితే నాలుగింతలు పంపిస్తాను" అంటుంది. అంతే దాని కిటుకు.

ఉదాహరణకు చలికి పెట్రోలులో నాలుగోవంతు మాత్రమే ఆవిరవుతున్నదనుకుందాం. మామూలు మిశ్రమంలో 15 గ్రాముల గాలికి ఒక గ్రాము పెట్రోలు. ఆవిరయ్యేది పావు గ్రాము. అంటే ఒక గ్రాము ఆవిరికి 60 గ్రాముల గాలి! ఇంత పలచని మిశ్రమం అంటుకోదు. ఇప్పుడు చోకు లాగి 15 గ్రాముల గాలికి 4 గ్రాముల పెట్రోలు పంపామనుకోండి. అందులో నాలుగోవంతు, అంటే ఒక గ్రాము ఆవిరవుతుంది. 15 గ్రాముల గాలికి ఒక గ్రాము ఆవిరి. సరిగ్గా కావలసినంత!

పెట్రోలు జోలికి పోకుండా ఈ కిటుకును మీరే చేసి చూడవచ్చు. నీళ్లు తాగే స్ట్రా ఒకటి తీసుకోండి. నీటిమట్టానికి పైన ఉండేటట్టు గుండుసూదితో దానికి ఒక రంధ్రం చేసి కాస్త పెద్దది చేయండి. గ్లాసులో ముంచి పీల్చండి. గాలి ఎక్కువగా, నీళ్లు కొద్దిగా వస్తాయి. ఇప్పుడు రంధ్రాన్ని వేలితో మూసి అంతే బలంగా పీల్చండి. నీళ్లు బుస్సున వస్తాయి. మీ నోరే ఇంజను, నీళ్లే పెట్రోలు, ఆ వేలే చోకు. గాలి దారి మూస్తే పీల్పు బలమంతా ద్రవం మీద పడుతుంది.

అన్ని బండ్లలోనూ చోకు ఒకే విధంగా ఉండదు. కొన్నిటిలో కార్బ్యురేటరు ముఖద్వారం దగ్గర ఒక చిన్న రేకు తలుపు ఉంటుంది. చోకు లాగితే ఆ తలుపు మూసుకుని గాలిని ఆపుతుంది. ఇంకొన్నిటిలో తలుపు ఉండదు. చోకు లీవరు ఎత్తితే పెట్రోలు కోసం వేరే ఒక సన్నని దారి తెరుచుకుంటుంది. పాత జావా బండ్లలో కార్బ్యురేటరు మీద ఒక చిన్న బొత్తాం ఉండేది. దాన్ని నొక్కితే లోపలి తేలే బుడ్డి మునిగి, పెట్రోలు మామూలు మట్టం దాటి పైకి వచ్చేది.

ఈ రెండో రకం గురించి ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆ సన్నని దారిలోంచి పెట్రోలును లాగేది ఇంజను పీల్పే. ఎక్సిలేటరు తిప్పితే పెద్ద దారి తెరుచుకుని, పీల్పు బలం అటు పోతుంది. చోకు ఉన్నా లేనట్టే. "చోకు లాగినా పట్టుకోవడం లేదు" అని ఎక్సిలేటరు తిప్పుతూ కిక్కులు కొట్టేవారు తమకు తెలియకుండానే చోకు పని చెడగొడుతున్నారు.

చిక్కబడిన నూనె, బిగిసిన కిక్కు

చలి మరో విధంగా కూడా అడ్డుపడుతుంది. నూనె సీసాను చలిలో వంచితే నూనె ధార నిదానంగా సాగుతుంది. ఇంజను ఆయిలు కూడా అలాగే చిక్కబడుతుంది. ద్రవం పారడానికి అడ్డుపడే ఈ గుణాన్ని స్నిగ్ధత అంటారు. మన దేశంలో ఎక్కువగా వాడే 20డబ్ల్యూ-40 రకం ఆయిలు పేరులో ఉన్న 'డబ్ల్యూ' చలికాలానికి ఇంగ్లీషు మాటలోని మొదటి అక్షరం. దాని ముందున్న అంకె ఎంత చిన్నదైతే ఆయిలు చలిలో అంత తేలికగా కదులుతుంది. అలాగని ఇష్టం వచ్చినది పోయకూడదు. బండి తయారుచేసినవారు చెప్పిన రకమే వాడాలి.

ఆయిలు చిక్కబడితే కిక్కు బరువెక్కుతుంది, ఇంజను నెమ్మదిగా తిరుగుతుంది. దీనివల్ల ఇంకో నష్టం ఉంది. సైకిలు పంపు గబగబా కొడితే దాని అడుగు వేడెక్కుతుంది కదా? గాలిని త్వరగా అదిమితే వేడి పుడుతుంది. సిలిండరులో కూడా పిస్టను పైకి వచ్చి మిశ్రమాన్ని అదిమినప్పుడు వేడి పుట్టి, మిగిలిన తుంపరలో కొంత ఆవిరవుతుంది. నెమ్మదిగా అదిమితే ఆ వేడి చల్లని గోడలకు పోతుంది. అందువల్ల సగం సగం కిక్కులు పది కొట్టినదానికంటె, పైనుంచి కిందికంటా నిండుగా, చురుకుగా కొట్టిన ఒక కిక్కు మేలు.

పాత బుల్లెట్ బండ్లకు ఎడమ చేతి దగ్గర ఒక చిన్న లీవరు ఉండేది. పిస్టను పైకి వచ్చి గట్టిగా ఆగిన చోట దాన్ని నొక్కితే సిలిండరులోని గాలి కొంత బయటికి పోతుంది. పిస్టనును ఆ బిగువు చోటు దాటించి, లీవరు వదిలి, అప్పుడు కిక్కు కొట్టేవారు. మళ్లీ బిగువు వచ్చేలోగా బరువైన చక్రం వేగం పుంజుకుంటుంది. బలం కంటె సమయం చూసి కొట్టడం ముఖ్యమని దీనివల్ల తెలుస్తుంది.

ఒకదాని తర్వాత ఒకటి

పద్దెనిమిదేళ్లు నిండి లైసెన్సు వచ్చేదాకా గేర్ల మోటారు సైకిలు మీరు నడపకూడదు. కాని మీ నాన్నగారికో, మామయ్యకో కారణాలతో సహా ఈ క్రమం చెప్పవచ్చు.

1. పెట్రోలు ట్యాపు తిప్పి కొన్ని సెకన్లు ఆగాలి. కార్బ్యురేటరు గిన్నె నిండాలి.

2. చోకు పూర్తిగా లాగాలి. తాళం తిప్పకుండానే రెండు మూడు కిక్కులు మెల్లగా కొట్టాలి. చిక్కని మిశ్రమం సిలిండరు దాకా చేరుతుంది, ఆయిలు కదులుతుంది.

3. తాళం తిప్పి, ఎక్సిలేటరు ముట్టుకోకుండా, ఒక నిండు కిక్కు కొట్టాలి.

4. ఇంజను అందుకోగానే చోకు సగానికి తగ్గించాలి. మన చలికి అర నిమిషం, ఒక నిమిషం తర్వాత పూర్తిగా తీసేయవచ్చు. చోకు తీసినా ఇంజను ఆగకుండా నిలకడగా తిరిగితే అది సిద్ధమైనట్టు.

5. స్టార్టయిన వెంటనే ఎక్సిలేటరు తిప్పి గట్టిగా అరిపించరాదు. ఆయిలు ఇంకా అన్ని భాగాలకూ అందలేదు. మొదటి కిలోమీటరు నిదానంగా పోవాలి.

మన ప్రాంతపు చలిలో బాగున్న బండి ఈ క్రమంలో రెండు మూడు కిక్కులకు స్టార్టు కావాలి. పదిహేను కిక్కులు పట్టిందంటే తప్పు చలిది కాదు. ప్లగ్గు అరిగి ఉండవచ్చు, నాపరాళ్ల దుమ్ముతో గాలి ఫిల్టరు మూసుకుని ఉండవచ్చు, మడ్డితో జెట్ పూడి ఉండవచ్చు. చలి ఆ లోపాన్ని బయటపెట్టింది, అంతే. అలాగే నెల రోజులు కదలకుండా ఉన్న బండి ఎందుకు మొండికేస్తుందో ఇప్పుడు మీరే చెప్పగలరు. గిన్నెలోని పెట్రోలులో తేలికైన పదార్థాలు ముందే ఎగిరిపోయాయి. మిగిలినవి ఆవిరి కాని బరువైనవి.

పెట్రోలు ఎక్కువైతే

చోకు లాగి ఎడతెగకుండా కిక్కులు కొడితే పెట్రోలు ఎక్కువై ప్లగ్గు తడిసిపోతుంది. తడిసిన ప్లగ్గు నిప్పు రవ్వ విసరలేదు. ముక్కుకు పెట్రోలు వాసన గుప్పున కొడుతుంది. అప్పుడు చోకు మూసి, పెట్రోలు ట్యాపు కట్టి, ఎక్సిలేటరు పూర్తిగా తిప్పి పట్టుకుని కొన్ని కిక్కులు కొట్టాలి. ఎక్సిలేటరు పూర్తిగా తిప్పితే గాలి దారి విశాలమవుతుంది. పొడి గాలి ఎక్కువగా లోపలికి పోయి, మిగులు పెట్రోలును ఆవిరిగా బయటికి తీసుకుపోతుంది. ఒకే ఎక్సిలేటరు ఒకప్పుడు తిప్పకూడదు, ఒకప్పుడు పూర్తిగా తిప్పాలి. కారణం తెలిసినవారికి ఇందులో తికమక లేదు.

స్టార్టయ్యాక చోకు తీయడం మరిచిపోతే? ఇంజను వేడెక్కిన కొద్దీ పెట్రోలంతా ఆవిరవుతుంది, కాని దానికి సరిపోను గాలి ఉండదు. సగం కాలిన కార్బను నల్లటి పొగగా పోతుంది, ప్లగ్గుకు మసి పడుతుంది. ఆవిరి కాని పెట్రోలు సిలిండరు గోడలమీది ఆయిలును కడిగేస్తుంది. పిస్టను రింగులు త్వరగా అరుగుతాయి. మైలేజి పడిపోతుంది.

ప్రాణం మీదికి వచ్చే పనులు

చలికి బయట నిలబడలేక వరండాలో, తలుపులు మూసిన గదిలో బండి స్టార్టు చేసేవారున్నారు. ఇది అన్నిటికంటె ప్రమాదం. గాలి చాలక మండిన పెట్రోలు కార్బను మోనాక్సైడు అనే విషవాయువును ఇస్తుంది. చోకు లాగిన ఇంజనులో ఇది మరీ ఎక్కువగా తయారవుతుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హెమోగ్లోబిన్‌ను ఇది ఆక్సిజను కంటె 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మనిషి శ్వాస తీసుకుంటూనే ఉంటాడు, కాని ఒంటికి ఆక్సిజను అందదు. మొదట తలనొప్పి, మైకం, తర్వాత స్పృహ తప్పడం. పక్క గదిలో నిద్రపోతున్నవారికి లేవడానికి కూడా వ్యవధి ఉండదు. కాబట్టి బండిని ఆరుబయటికి తోసుకు వచ్చిన తర్వాతే కిక్కు కొట్టాలి. మీ ఇంట్లో ఎవరికైనా లోపల స్టార్టు చేసే అలవాటు ఉంటే, ఈ ఒక్క మాట తప్పకుండా చెప్పండి.

రెండవది, ప్లగ్గు విప్పి ఆ రంధ్రంలో పెట్రోలు పోయడం. ఒలికిన పెట్రోలు ఆవిరి గాలికంటె సుమారు మూడు నాలుగింతలు బరువు. అది పైకి పోకుండా నేలమీద పాకుతుంది. దూరాన ఉన్న పొయ్యి దగ్గరినుంచో, చలిమంట దగ్గరినుంచో అంటుకుని వెనక్కి పరుగెత్తుకు వస్తుంది. ట్యాంకులో పెట్రోలు ఎంత ఉందో చూడడానికి అగ్గిపుల్ల గీయడం, చలిమంట పక్కన బండి నిలిపి ఇంజను కాచడం కూడా ఇటువంటి పనులే.

చోకు లేని బండ్లు

2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో బి.ఎస్.-6 కాలుష్య నిబంధనలు అమలులోకి వచ్చాయి. అప్పటినుంచి కొత్త మోటారు సైకిళ్లలో చాలా మటుకు కార్బ్యురేటరు స్థానంలో ఇంజెక్టరు వచ్చింది. ఒక చిన్న పంపు పెట్రోలును ఒత్తిడితో పంపుతుంది, ఇంజెక్టరు దాన్ని సన్నని తుంపరగా చిమ్ముతుంది. ఇంజను ఎంత చల్లగా ఉందో ఒక సెన్సారు కనిపెట్టి చెబుతుంది. దాన్నిబట్టి చిన్న కంప్యూటరు ఇంజెక్టరును ఎంతసేపు తెరచి ఉంచాలో నిర్ణయిస్తుంది. చల్లని ఇంజనుకు ఎక్కువసేపు, వేడి ఇంజనుకు తక్కువసేపు. గమనించారా? చోకు లీవరు పోయింది కాని చోకు సూత్రం పోలేదు. పూర్వం చేతితో చేసిన పనిని ఇప్పుడు కంప్యూటరు చేస్తున్నది.

ఈ సూత్రానికి కొత్త పరీక్ష కూడా ఒకటి వచ్చింది. 2025 నాటికి మన పెట్రోలులో 20 శాతం ఇథనాలు కలిపే స్థాయికి చేరుకున్నాం. ఇథనాలు 78 డిగ్రీల వద్ద మరుగుతుంది. ఒక గ్రాము ఆవిరి కావడానికి సుమారు 200 కెలోరీలు తీసుకుంటుంది. పెట్రోలు తీసుకునేది 80 అని ఇంతకుముందే చూశాం. అంటే ఇది గాలిని ఇంకా ఎక్కువ చల్లబరుస్తుంది. 1979 నుంచి ఇథనాలు కార్లు నడిపిన బ్రెజిల్ దేశంలో ఈ చిక్కు బాగా ఎదురయింది. అక్కడ చాలా కార్లలో ఇంజను పక్కన ఒక చిన్న పెట్రోలు డబ్బా అదనంగా పెట్టేవారు. చలి పొద్దున స్టార్టు కావడానికి మాత్రమే ఆ పెట్రోలు! తేలికగా ఆవిరయ్యేది ముందు అంటుకుంటే, ఆ వేడితో మిగిలినది దానంతట అదే మండుతుంది.

పాత కార్బ్యురేటరు బండ్లు మన పల్లెల్లో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. రేపు పొద్దున వీధిలో ఎవరి బండైనా మొరాయిస్తే చప్పుడును జాగ్రత్తగా వినండి, వాసన చూడండి, పొగ రంగు గమనించండి. పెట్రోలు ఆవిరి చాలలేదా, లేక ఎక్కువైందా అన్నది దూరంనుంచే చెప్పగలుగుతారు.

ఆలోచించి చెప్పండి

1. ఒక చేతిమీద నీళ్లు, ఇంకో చేతిమీద చేతులు శుభ్రం చేసుకునే శానిటైజరు రాసుకుని రెంటిమీదా ఊదండి. ఏది ఎక్కువ చల్లగా అనిపిస్తుంది? ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి 540 కెలోరీలు కావాలి కదా, మరి నీరే ఎక్కువ చల్లగా అనిపించాలి. ఎందుకు అనిపించలేదు?

2. మే నెల మధ్యాహ్నం పులివెందులలో ఎండలో నిలిపిన బండికి చోకు లాగి స్టార్టు చేస్తే ఏమవుతుంది?

3. కిక్కుకు స్టార్టు కాని బండి, రెండో గేరులో వేసి నలుగురు తోస్తే ఎందుకు అందుకుంటుంది? గాలి వేగం, తుంపర, అదిమినప్పుడు పుట్టే వేడి - ఈ మూడింటినీ దృష్టిలో పెట్టుకుని జవాబు రాయండి.